ఆ యాభై గజాలు: అమెరికాలోని తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

సియాటిల్, డెన్వర్ వంటి కొండప్రాంత నగరాల్లోని తెలుగు సంఘాల బాధ్యులకు, వేసవి హైకింగ్ బృందాల నిర్వాహకులకు,



మంచు కరిగే జూలై నుంచి మళ్లీ మంచు పడే అక్టోబరు దాకా కాస్కేడ్స్, ఒలింపిక్స్, రాకీ పర్వతాల దారుల్లో శని, ఆదివారాలొస్తే తెలుగు మాట వినబడుతూనే ఉంటుంది. ఉగాదికీ దసరాకీ హాలు మాట్లాడే సంఘాలే ఇప్పుడు వేసవిలో కొండలెక్కడానికీ జనాన్ని కూడగడుతున్నాయి. మంచి మార్పే. అయితే కొండ మీద జాగ్రత్త అనగానే మన నోట ముందుగా వచ్చేది ఎలుగుబంటి. ఆ తర్వాత కూగర్, ఆ తర్వాత పిడుగు. మనుషుల్ని చూసి పారిపోకపోగా తానే దగ్గరికి నడిచొచ్చే తెల్లటి జంతువు ఒకటుంది. అది కనబడితే జాగ్రత్త గుర్తుకు రాదు, జేబులోని ఫోను గుర్తుకొస్తుంది. ఈ లేఖ ఆ మౌంటెన్ గోట్ గురించే. దాని వల్ల ఉన్న అపాయం ఎంతటిది, ఆ అపాయం ఎక్కడ పుడుతోంది, దాన్ని తగ్గించే పని ఒక్కో మనిషి కంటే సంఘానికే ఎందుకు తగినది అన్నవి మీ ముందు పెట్టాలని నా ఉద్దేశం.

సగం చిక్కు పేరులోనే ఉంది. మేక అనగానే తెలుగువాడి మనసులో మెదిలేది పెరట్లో కట్టేసిన జీవి. రెమ్మ అందిస్తే చేతిలోంచే తింటుంది, పిల్లలు చెవులు పట్టుకున్నా ఊరుకుంటుంది. ఆ చనువే కొండ మీదికీ మనతో వస్తుంది. నిజానికి మౌంటెన్ గోట్ మేకే కాదు. మన పెంపుడు మేకలది కాప్రా అనే ప్రజాతి. దీనిది ఒరియామ్నస్ అనే వేరే ప్రజాతి, అందులో ఉన్నది ఈ ఒక్క జాతే. ఇలాంటి పేర్ల పొరపాట్లు మనకు కొత్త కాదు. నల్లమలలో కొండగొర్రె అని పిలిచే నాలుగు కొమ్ముల జింక గొర్రె కానట్టే ఇదీ మేక కాదు. మేకవన్నె పులి అని మన భాషలో ఒక మాటుంది. దీన్ని పులి అంటే ఎక్కువ చెప్పినట్టవుతుంది గానీ, వన్నె చూసి మోసపోవద్దన్న హెచ్చరిక మటుకు అచ్చంగా సరిపోతుంది. ఎదిగిన పోతు భుజం దగ్గర ఇంచుమించు మీటరు ఎత్తుంటుంది. బరువు వంద కిలోలు దాటడం మామూలే. పోతుకూ ఆడదానికీ కూడా నల్లగా, నున్నగా, వెనక్కి కాస్త వంగిన కొమ్ములుంటాయి. జానెడు పొడవుండే ఆ కొమ్ముల మొనలు బాకుల్లా ఉంటాయి.

ఆ కొమ్ముల్ని అది వాడే తీరు కూడా మనకు తెలిసిన తీరు కాదు. మన ఊళ్లలో పొట్టేళ్ల పందెం చూసినవాళ్లకు వాటి పద్ధతి తెలుసు. పొట్టేలు నాలుగడుగులు వెనక్కి తగ్గి, పరుగున వచ్చి, తలతో తలను ఢీకొంటుంది. ఆ వెనకడుగే చూసేవాడికి హెచ్చరిక. మౌంటెన్ గోట్ తలతో ఢీకొనదు. రెండు పోతులు పోరాడేటప్పుడు పక్కపక్కనే, ఒకదాని తల రెండోదాని తోక వైపుండేలా నిలబడి, కొమ్ముల్ని కిందినుంచి పైకి విసిరి ఎదుటిదాని తొడల్లో, డొక్కలో పొడుస్తాయి. ఆ పోట్లు కాచుకోవడానికే పోతుకు వెనక భాగంలో చర్మం డాలులా మందంగా ఉంటుంది. మనిషికి ఆ డాలు లేదు. నిలబడ్డ మనిషికి ఆ కొమ్ము అందే ఎత్తులో ఉండేవి తొడ, పొత్తికడుపు. తొడలో పెద్ద రక్తనాళం ఉంటుంది. ఈ పోటు బలం ఎంతటిదో 2021 సెప్టెంబరులో కెనడాలోని యోహో నేషనల్ పార్కులో తేలింది. అక్కడ చనిపోయి కనబడ్డ ఒక ఆడ గ్రిజ్లీ ఎలుగుబంటిని కోసి పరీక్షిస్తే, మెడ మొదట్లోనూ చంకల్లోనూ ఉన్న గాయాలు మౌంటెన్ గోట్ కొమ్ములవేనని పార్కు నిపుణులు తేల్చారు. వేటాడబోయిన ఎలుగే అలా ప్రాణం పోగొట్టుకుంది.

ఇక మనిషి ప్రాణం పోయిన ఉదంతం. 2010 అక్టోబరు 16న వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒలింపిక్ నేషనల్ పార్కులో, హరికేన్ రిడ్జ్‌కు దగ్గరి క్లాహేన్ రిడ్జ్ మీద, అరవై మూడేళ్ల వ్యక్తి ఒకరు మౌంటెన్ గోట్ పొడిచి చనిపోయారు. కొండకు కొత్తవాడు కాదు, ఆ పక్క ఊరివాడే. కవ్వించిందీ లేదు. భోజనానికి ఆగిన చోటికి గోట్ వచ్చింది. అది వెంటబడుతుంటే, తోడున్న ఇద్దరినీ ముందుకు పంపి, తాను వెనక నిలిచి దాన్ని తోలబోయారు. అది తొడలో పొడిచింది. ఆ తర్వాత కూడా కదలకుండా పడిపోయిన మనిషి దగ్గరే నిలబడి, సాయానికి వచ్చినవాళ్లను చాలాసేపు దగ్గరికి రానీయలేదు. దాని బరువు 370 పౌండ్లు, అంటే 168 కిలోలు. అదే రోజు రేంజర్లు దాన్ని కాల్చి చంపారు. ఈ ఉదంతంలో గుర్తుంచుకోవలసిన సంగతి ఇంకొకటుంది. ఆ కొండమీది గోట్‌లు మనుషుల మీదికి వస్తున్నాయని పార్కువాళ్లకు అంతకు కొన్నేళ్ల ముందునుంచే తెలుసు. హెచ్చరిక బోర్డులు పెట్టారు, గోట్‌లను తరిమిచూశారు. అంటే ఆ చావు ఒక్క మధ్యాహ్నంలో జరిగిందే గాని, దానికి దారితీసిన తెగింపు ఆ మధ్యాహ్నం పుట్టింది కాదు.

ఆ తెగింపుకు మూలం ఉప్పు. కొండ కొమ్ముల మీద మొలిచే గడ్డిలో, ఆకులో సోడియం చాలా తక్కువ, పొటాషియం ఎక్కువ. వసంతంలో లేత పచ్చిక మేసే రోజుల్లో, పిల్లలకు పాలిచ్చే రోజుల్లో గోట్‌కు ఉప్పు కొరత మరీ పెరుగుతుంది. అందుకే అవి ఉప్పు నేలల కోసం మైళ్ల దూరం దిగివస్తాయి. మోంటానాలోని గ్లేసియర్ నేషనల్ పార్కులో, రెండో నంబరు హైవే పక్కన ఉన్న వాల్టన్ గోట్ లిక్ దగ్గర అవి మట్టిని నాకడం చూడటానికి జనం ఆగుతారు. ఒలింపిక్ కొండల్లో అలాంటి సహజమైన ఉప్పు నేలలు లేవు. ఆ లోటును తీర్చింది మనిషి. చెమట పీల్చిన బ్యాగు పట్టీలు, చేతికర్ర పిడులు, విప్పి ఆరేసిన చొక్కా, అన్నిటికన్నా ముఖ్యంగా దారి పక్కన పోసిన మూత్రం. ఈ చివరి మాట సభలో చెప్పడానికి ఇబ్బందిగా ఉంటుంది గానీ అసలు సంగతి అదే. వందలమంది నడిచే దారి పొడవునా అందరూ పక్కకు తిరిగి ఆ పని కానిస్తే, ఆ దారే మైళ్ల పొడవు ఉప్పు చార అవుతుంది. గోట్‌కు దారి అంటే ఉప్పు, ఉప్పు అంటే మనిషి. అది మన వెంట నడిచేది స్నేహానికి కాదు, మనం ఎప్పుడు ఆగుతామా అని.

ఉప్పొక్కటే కాదు, ఇంకో కారణమూ ఉంది. గ్లేసియర్ పార్కులోని లోగన్ పాస్ దగ్గర గోట్‌లను గమనించిన వెస్లీ సార్మెంటో, జోయెల్ బెర్గర్ అనే శాస్త్రవేత్తలు 2017లో ప్రచురించిన అధ్యయనంలో, జనం ఉన్న చోట గోట్‌లు నిశ్చింతగా మేస్తున్నాయని చూపించారు. ఎలుగులు, తోడేళ్లు మనుషులకు దూరంగా మసలుతాయి కాబట్టి మనుషుల దగ్గర ఉండటం వాటికి రక్షణ. అంటే మనం వాటికి ఉప్పు ఇచ్చేవాళ్లమే కాదు, కాపలా కాసేవాళ్లం కూడా. అలా చేరిన గోట్‌లు లోగన్ పాస్ పార్కింగులో కార్ల మధ్య తిరుగుతుంటే, వాటిని జనానికి దూరంగా తోలడానికి పార్కు 2016లో గ్రేసీ అనే బోర్డర్ కోలీ కుక్కకు తర్ఫీదు ఇప్పించుకోవలసి వచ్చింది. ఈ సంగతి మనకు దూరపు కథ కాదు. తిరుమల మెట్ల దారిలో, శ్రీశైలంలో కోతులు చేతిలోని కొబ్బరిచిప్ప లాక్కుని పోయేది వాటి పుట్టుబుద్ధి వల్ల కాదని మనందరికీ తెలుసు. ముందు వచ్చిన భక్తుడు అరటిపండు పెట్టాడు, తర్వాత వచ్చినవాడు సంచి పోగొట్టుకున్నాడు.

నేను చెప్పదలచిన అసలు మాట ఇక్కడే ఉంది. మౌంటెన్ గోట్ వల్ల కలిగే అపాయం ఒక మనిషికీ ఒక జంతువుకూ మధ్య ఆ క్షణంలో పుట్టేది కాదు. అది అప్పులా పోగుపడుతుంది. చేయి నాకనిచ్చినవాడు నవ్వుకుంటూ దిగివెళ్తాడు. పక్కన నిలబడి ఫొటో దిగినవాడికి ఏమీ కాదు. దారి పక్కన మూత్రం పోసినవాడికి గోట్ కనబడనే కనబడదు. వాళ్లలో ప్రతివాడూ ఆ జంతువుకు ఒక పాఠం నేర్పి వెళ్తాడు: మనిషి భయపెట్టడు, తప్పుకోడు, దగ్గరికి వెళ్తే ఉప్పు దొరుకుతుంది. వందోవాడు దాన్ని పొమ్మన్నప్పుడు అది పోదు, ఎందుకంటే తొంభైతొమ్మిదిమంది దగ్గర దానికి ఆ అవసరం రాలేదు. చేసినవాడొకడు, తీర్చేవాడు ఇంకొకడు. అందుకే ‘నా జాగ్రత్త నాకుంది’ అన్న మాట ఇక్కడ చెల్లదు. ఎంత జాగ్రత్తపరుడైనా తనకు ముందు నడిచినవాళ్లు ఆ గోట్‌కు ఏం నేర్పారో మార్చలేడు. దాన్ని మార్చగలిగేది దారిలో నడిచే గుంపు మొత్తం. గుంపును నడిపించేది మీరు. ఈ లేఖ పార్కు అధికారులకు కాకుండా మీకు రాయడానికి కారణం ఇదే.

దీనికి మొదట వచ్చే అభ్యంతరం లెక్కల నుంచి వస్తుంది. ఒలింపిక్ పార్కు మొత్తం చరిత్రలో గోట్ వల్ల పోయింది ఒక్క ప్రాణం. కొండదారుల్లో జారిపడి, ఏటి నీళ్లలో కొట్టుకుపోయి, చలికి, గుండెపోటుకు పోయేవాళ్లు ఎందరో ఉంటారు. అసలు కొండదాకా కారులో వెళ్లడమే అన్నిటికన్నా ప్రమాదం కావచ్చు. మరి గోట్ మీద ఇంత గొడవ దేనికి? ఈ అభ్యంతరంలో నిజముంది, ఆ నిజాన్ని తగ్గించి చెప్పను. గోట్ భయంతో కొండలెక్కడం మానుకోమనేవాడు తప్పు సలహా ఇస్తున్నట్టే. కానీ చావుల లెక్క ఒక్కటే చూస్తే మూడు సంగతులు మరుగున పడతాయి. ఒకటి, గోట్‌లు తరచుగా కనబడే దారులు కొన్నే. సగటు లెక్కలో చిన్నదిగా కనబడే ముప్పు ఆ దారి మీద నడిచేవాడికి చిన్నది కాదు. 2012లో ఒలింపిక్ నేషనల్ ఫారెస్టులోని మౌంట్ ఎలినార్ దారిని గోట్‌లు మీదికి వస్తున్నాయని కొంతకాలం మూసేశారు. అప్పుడు ఎవరూ చనిపోలేదు, చనిపోయేదాకా ఆగలేదంతే. రెండు, గాయపడిన చోటు నుంచి ఆసుపత్రి గంటల దూరం. ఊళ్లో అయితే కుట్లతో పోయే గాయమే కొండశిఖరం మీద ప్రాణం తీస్తుంది. మూడు, ఏదైనా జాగ్రత్త తగినదా కాదా అన్నది ముప్పు ఎంతన్న దాన్నిబట్టే కాదు, ఆ జాగ్రత్తకు ఎంత ఖర్చవుతుందన్న దాన్నిబట్టి కూడా తేలాలి. దూరంగా జరగడానికి పైసా ఖర్చు లేదు.

రెండో అభ్యంతరం ఇంకాస్త గట్టిది. ‘మేం దాని దగ్గరికి పోలేదు, అదే మా దగ్గరికి వచ్చింది’ అంటారు. నిజమే, 2010లో జరిగిందీ అదే. కానీ దూరం పాటించడమంటే దగ్గరికి పోకపోవడం ఒక్కటే కాదు, అది దగ్గరికొస్తే మనం జరగడం కూడా. ఒలింపిక్ పార్కు నియమం యాభై గజాలు. క్రికెట్ పిచ్ పొడవు ఇరవై రెండు గజాలు కాబట్టి రెండు పిచ్‌లు వరసగా పరిచి, ఇంకో ఆరు గజాలు కలిపితే ఆ దూరం. గోట్ వస్తుంటే నెమ్మదిగా వెనక్కి జరగాలి. అయినా వస్తుంటే కేకలేసి, చొక్కాయో తువ్వాలో విసిరి ఆడించి, అప్పటికీ ఆగకపోతే రాళ్లు రువ్వైనా తోలమని పార్కే చెబుతోంది. మూగజీవిని రాళ్లతో కొట్టడమేమిటని మనసు ఒప్పుకోకపోవచ్చు. దూరాన పడే రాయి దానికి మనిషంటే భయం నేర్పుతుంది. ఆ భయం పోయిన గోట్‌కు చివరికి తగిలేది తూటా. ఇక దాని భాష కూడా తెలుసుకోవాలి. బెదిరించదలచిన గోట్ ఎదురుగా రాదు. పక్కకు తిరిగి, వీపు విల్లులా వంచి, గడ్డం లోపలికి ముడిచి, కొమ్ములు కనబడేలా నిలబడుతుంది. ఫొటోకు అంతకంటే బాగా నిలబడమని ఎవరూ చెప్పలేరు. సరిగ్గా అదే అది ‘పో’ అనే తీరు. ఆ క్షణంలో ఫోను ఎత్తినవాడు, వెళ్లవలసిన క్షణాన్ని ఫొటోకిచ్చేస్తున్నాడు.

మరి ఇరుకు శిఖరం మీద యాభై గజాలు ఎక్కడినుంచి తెచ్చేది అని అడగవచ్చు. ఒకవైపు కొండచరియ, ఇంకోవైపు లోయ, దారి నడుమ గోట్. ఇలాంటి చోట నియమం ఉన్నది కొలతకు కాదు, ఎవరు ముందు తగ్గాలన్నదానికి. గోట్‌కు కొండకొమ్మే కోట. ముప్పు అనిపిస్తే అది పైకి, రాళ్లలోకి పోవాలని చూస్తుంది. ఆ పై దారిని మనం మూసేస్తే దానికి మిగిలే దారి మన మీదినుంచే. కాబట్టి ఆగడం, వచ్చిన దారినే వెనక్కి నడవడం, అది తప్పుకునేదాకా కూర్చోవడం. శిఖరం చేరకుండా దిగిరావడం నామోషీ కాదు. ఇక్కడ గుంపుగా నడిచేవాళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఇరవైమంది బృందంలో పదిమంది గోట్‌ను దాటి ముందుకు వెళ్లి, పదిమంది వెనక ఉండిపోతే, ఎవరికీ తెలియకుండానే దాన్ని చుట్టుముట్టినట్టవుతుంది. ఒంటరి నడకకంటే గుంపు భద్రమన్నది ఎలుగు విషయంలో నిజం. గోట్ విషయంలో గుంపు కట్టుగా ఉంటేనే అది నిజం.

మూడో అభ్యంతరం ప్రభుత్వం వైపు వేలు చూపిస్తుంది. ప్రమాదకరమైన జంతువుల్ని తీసేయడం పార్కు పని కాదా? ఒలింపిక్‌లో ఆ పని జరిగింది, అదెంత కష్టమో కూడా తెలిసింది. ఆ కొండలు గోట్‌ల సొంత నేల కాదు. పార్కు ఏర్పడిన 1938కి ముందే, 1920లలో, డజను గోట్‌లను తెచ్చి అక్కడ వదిలారు. 1980లలో అవి వెయ్యి దాటాయి. ఆ కొండల్లోనే పెరిగే అరుదైన మొక్కల్ని మేసి, పొర్లాడి నేలను తవ్వేశాయి. అప్పట్లో వందలాదిగా పట్టి తరలించినా మళ్లీ పెరిగి, 2018 నాటికి ఏడు వందలు దాటాయని అంచనా. ఆ ఏడాది మొదలై 2020 దాకా, హెలికాప్టర్లలోంచి వలలు విసిరి పట్టి, కళ్లకు గంతలు కట్టి, హెలికాప్టర్ కింద వేలాడదీసి, 325 గోట్‌లను వాటి సొంత నేల అయిన కాస్కేడ్స్‌కు చేర్చారు. పట్టలేని వాటిని తర్వాత కాల్చారు. ఇప్పుడు చూడండి. కాస్కేడ్స్, గ్లేసియర్, బ్రిటిష్ కొలంబియా, అలాస్కా వాటి పుట్టిల్లు. అక్కడినుంచి వాటిని ఎక్కడికి పంపుతారు? కాస్కేడ్స్‌లోని ఎన్‌చాంట్‌మెంట్స్ సరస్సుల మధ్య గోట్ ఉండటం తప్పు కాదు, మనం దాన్ని చెడగొట్టడమే తప్పు. నేల దానిదైనప్పుడు మార్చగలిగింది మన నడతను ఒక్కటే.

కోర్టుకు వెళ్లవచ్చు కదా అనేవాళ్లకూ జవాబుంది. 2010 ఉదంతం మీద చనిపోయిన వ్యక్తి కుటుంబం ప్రభుత్వంపై దావా వేసింది. ఏళ్ల తరబడి తెలిసిన ప్రమాదాన్ని పార్కు తొలగించలేదన్నది వాళ్ల వాదన. 2015లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు మెజారిటీ తీర్పులో ఆ వాదనను ఒప్పుకోలేదు. ఏ జంతువును ఎలా అదుపు చేయాలన్నది పార్కు అధికారుల విచక్షణకు చెందిన నిర్ణయమనీ, అలాంటి నిర్ణయాలకు చట్టంలో ప్రభుత్వానికి రక్షణ ఉందనీ చెప్పింది. ఆ తీర్పు న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. నడిచేవాళ్లకు దాని సారాంశం ఒకటే. బోర్డు చదవడమైనా, దూరం పాటించడమైనా మన చేతుల్లోనే ఉన్నాయి, జరగరానిది జరిగితే ఆ భారం కూడా మన మీదే పడవచ్చు.

చివరి అభ్యంతరం నాకూ బరువైనదే. సెలవురోజుల్లో ఇంట్లోంచి కదలని కుటుంబాల్ని ఇప్పుడిప్పుడే కొండల మీదికి తెస్తున్నాం, ఇలాంటి మాటలతో భయపెడితే పిల్లలు, పెద్దవాళ్లు మళ్లీ ఇంట్లోనే కూర్చుంటారు కదా అన్నది. భయం వేరు, మర్యాద వేరు అని మాత్రం చెప్పగలను. ఎద్దుల బండి వెనక నడిచేవాడు ఎద్దుకు భయపడడు, కానీ దాని కొమ్ముల ముందు నిలబడి పక్కవాడితో కబుర్లూ చెప్పడు. ఎద్దు విషయంలో మన పల్లెలకు తెలిసిన ఆ ఒద్దికే ఇక్కడా కావాలి. యాభై గజాల అవతలినుంచి చూసే గోట్ తక్కువ అందమైనది కాదు. పిల్ల వెంటరాగా నిలువు బండ మీద అది ఎక్కే తీరు, డెక్కల్ని విప్పి రాతిని పట్టుకునే తీరు, చేతిలో ఉప్పు నాకేటప్పుడు కనబడవు. అలవాటు పడ్డ జంతువును చూడటమంటే అడవిని చూడటం కాదు.

అందుకని మిమ్మల్ని కోరేవి పెద్ద పనులేమీ కావు. బృందం కారు దిగి దారిలోకి అడుగు పెట్టకముందే నీళ్ల సీసాలు చూసుకోమన్నప్పుడే ఈ యాభై గజాల మాట కూడా చెప్పండి. ఒకరిని ముందు, అనుభవమున్న ఇంకొకరిని చివర ఉంచి, గోట్ కనబడితే అందరూ ఒకవైపే నిలిచేలా చూడండి. దారి మొదట్లో మరుగుదొడ్డి ఉంటే అక్కడే పని ముగించుకోమని, పైన తప్పనిసరైతే దారికీ గుడారాలకూ చాలా దూరంగా వెళ్లమని మొహమాటం లేకుండా చెప్పండి. అది చెప్పడానికి సిగ్గుపడితే మిగతా జాగ్రత్తలన్నీ సగమే. పులిహోర, జంతికలు విప్పిన చోట గోట్ వస్తే పొట్లాలు సర్దుకుని లేచిపోండి, ఆ చోటు దానికే వదిలేయండి. బ్యాగులు, చెమట చొక్కాలు రాళ్ల మీద వదిలి తిరగనివ్వకండి. గోట్ వెంటబడితే, పోనిలే ఏమీ కాలేదు కదా అనుకోకుండా దిగగానే రేంజర్‌కు తెలియజేయండి. ఆ ఒక్క కబురు తర్వాత వచ్చేవాళ్లకు బోర్డవుతుంది. ఇంకొక్కటి. మీ సంఘాల పత్రికల్లో, ఫొటో పోటీల్లో, వాట్సాప్ గుంపుల్లో గోట్ పక్కన నిలబడి దిగిన ఫొటోకు చోటివ్వకండి. చప్పట్లు దొరకని ఫొటో కోసం ఎవరూ ముందుకు జరగరు.

ఇవన్నీ చేసినా కొండ మీద ముప్పు సున్నా కాదు. అనుభవజ్ఞుడై, ఏ తప్పూ చేయకుండా, తోటివాళ్లను ముందుకు పంపి వెనక నిలిచిన మనిషికే ప్రాణం పోయింది. ఆయనకు ముందు ఆ దారిన నడిచి, ఆ గోట్‌ను దగ్గరికి రానిచ్చినవాళ్లలో ఒక్కరి పేరూ ఎక్కడా నమోదు కాలేదు, కాదు కూడా. రేపు ఎక్కడో, ఏదో దారిలో ఒక గోట్ మనిషిని చూసి పక్కకు తప్పుకుంటే, దానికి కారణమైనవాళ్ల పేర్లూ నమోదు కావు. మీ బృందాలు ఆ రెండో జాబితాలో ఉండాలని కోరుకుంటూ,

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి